ఏబీఎస్, ట్రాక్షన్, హిల్ హోల్డ్ లైట్లు మూడూ ఒకేసారి వెలుగుతున్నాయి – మాడ్యూల్ మార్చాలంటున్నారు

గుణదల_గేర్ – విజయవాడ
జూలై 11, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది 2020 మోడల్ పెట్రోల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ. అరవై వేల కిలోమీటర్లు దాటింది. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు మీటర్ బోర్డు శుభ్రంగా ఉంటుంది. రామవరప్పాడు రింగ్ దాకా ఏ గొడవా లేదు. బెంజ్ సర్కిల్ వైపు వచ్చి ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకుంటే చాలు, టింగుమని ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు లాక్ కాకుండా చూసేది) లైటు, కారు జారుతున్న బొమ్మ ఉండే పసుపు ట్రాక్షన్ లైటు, హిల్ హోల్డ్ (ఎత్తులో బండి వెనక్కి జారకుండా పట్టేది) పనిచేయదన్న మెసేజీ వరసగా వచ్చేస్తాయి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అన్నీ పోతాయి. కాసేపటికి ఇంకెక్కడో మళ్లీ మొదలు. బ్రేకు మామూలుగానే పడుతోంది. ఎర్ర లైటు రాలేదు.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ కోడ్ చూపిస్తోందన్నారు. కొత్త సెన్సర్ వేశారు. తేడా ఏమీ లేదు. ఇప్పుడేమో ఏబీఎస్ మాడ్యూల్ (దాన్ని నడిపే కంప్యూటర్ బోర్డు, పంపు ఉండే పెట్టె) పోయింది, మొత్తం యూనిట్ మార్చాలి, యాభై వేలు దాటుతుంది అంటున్నారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. డబ్బు పెట్టాక కూడా పోకపోతే ఏంటి పరిస్థితి అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.


ఆటోనగర్_వైర్‌మ్యాన్ – విజయవాడ
జూలై 11, రాత్రి 9:50

తమ్ముడూ, మాడ్యూల్ మాట కాసేపు పక్కన పెట్టు. యూటర్న్‌లో వస్తోందన్నావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది. లోపల బోర్డు పోతే తాళం తిప్పగానే లైటు వస్తుంది, లేదా ఇంజిన్ వేడెక్కాక వస్తుంది. స్టీరింగ్ ఫుల్ కట్ కొట్టినప్పుడే వచ్చేది నూటికి తొంభై పాళ్లు వైరు గొడవే. చక్రంతో పాటు ఆ వైరు కూడా తిరగాలి, సాగాలి, మళ్లీ వెనక్కి రావాలి. ఎక్కడో పట్టేస్తే కప్లర్ (రెండు వైర్లు కలిసే ప్లగ్గు) దగ్గర లాగుతుంది.

ఇంతకీ ఆ ఎడమ పక్కన ఈ మధ్య ఏమైనా పని చేయించావా? షాకబ్జార్బర్, బేరింగ్, లోయర్ ఆర్మ్, బ్రేక్ ప్యాడ్లు, ఏదైనా సరే. లైట్లు రావడం ఆ పని అయ్యాకే మొదలైందా? అది చెప్పు ముందు. ఇంకోటి, సర్వీస్ సెంటర్ వాళ్లు కోడ్ చూశారు సరే, బండి నడుపుతూ లైవ్ డేటా, అంటే అప్పటికప్పుడు సెన్సర్లు చూపించే లెక్కలు, చూశారా?


స్పేర్స్_బజార్ – విజయవాడ
జూలై 11, రాత్రి 10:20

బ్రదర్, కొత్తది ఎందుకు కొనడం. అదే మోడల్ యాక్సిడెంట్ బండి మాడ్యూల్ దొరుకుతుంది, కొత్తదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. నాలుగు పైపులు విప్పి బిగించడమే. సెన్సర్ మార్చినా పోలేదంటే ఇక మాడ్యూలే కదా, ఇంకేం ఉంటుంది?


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 11, రాత్రి 11:05

ఇంకా చాలా ఉంటుందండీ. సెన్సర్‌కీ మాడ్యూల్‌కీ మధ్య వైరు ఉంది, కప్లర్లు ఉన్నాయి, వాటిలో పిన్నులు ఉన్నాయి. సెన్సర్‌కి ఎదురుగా తిరిగే రింగు ఉంది. ఇవేవీ చూడకుండా ఆ చివర నుంచి ఈ చివరకు దూకడం సరైన పద్ధతి కాదు. నేను బ్రేక్ ఈసీయూ (బ్రేకుల కంప్యూటర్) టెస్టింగ్‌లోనే పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

గుణదల_గేర్ గారికి మూడు లైట్లు వచ్చాయంటే మూడు రోగాలు వచ్చినట్టు కాదు. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి తిరిగిపోకుండా చూసేది), హిల్ హోల్డ్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. అన్నిటికీ ఆధారం నాలుగు చక్రాల వేగం. బ్రేకు కొట్టినప్పుడు ఒక చక్రం వేగం మిగతావాటి కంటే ఠక్కున పడిపోతే లాక్ అవుతోందని ఏబీఎస్ పనిచేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్‌తో తిరిగే చక్రం ఉత్తచక్రం కంటే వేగంగా తిరిగితే జారుతోందని ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తుంది. అప్పుడది రెండు పనులు చేస్తుంది. తన పంపుతో ఆ ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది, ఇంజిన్ ఈసీయూకి టార్క్ (తిప్పే బలం) తగ్గించమని క్యాన్ లైను (బండిలో కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జత) మీద కబురు పంపుతుంది. ఒక చక్రం లెక్క రాకపోతే పోల్చడానికే ఏమీ ఉండదు. అందుకే అన్నీ మూసుకుని కూర్చుంటుంది. ఉన్న లెక్క తప్పని తెలిసి కూడా బ్రేకు వేయడం కంటే అదే క్షేమం.

మామూలు బ్రేకు మాత్రం ఉంటుంది. ఒక్క సెన్సర్ పోతే చాలా బండ్లలో ఈబీడీ (ముందు, వెనక చక్రాలకి బ్రేకు బలం పంచేది) కూడా పనిచేస్తూనే ఉంటుంది, అందుకే మీకు ఎర్ర బ్రేకు లైటు రాలేదు. ఏబీఎస్ లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే ఆ బండిని నడపకండి. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోవచ్చు.

ఇంకో మాట. వాన రోడ్డు మీద ఆ జారే బొమ్మ టకటకా మెరిసి ఆగిపోతే అది రోగం కాదు, పనిచేస్తోందని అర్థం. మెరవకుండా వెలిగి ఉండిపోతేనే ఫాల్ట్, లేదా ఎవరో ఆఫ్ బటన్ నొక్కారు.


గన్నవరం_ట్యాక్సీ – గన్నవరం
జూలై 12, ఉదయం 6:30

ఇంత గొడవ ఎందుకన్నా. నా పాత బండికి ఇదే వస్తే ఏబీఎస్ ఫ్యూజు పీకేశాం. లైటు కూడా కనపడకుండా ఒకాయన వెనకాల వైరు కలిపి ఇచ్చాడు. బ్రేకులు పడుతున్నాయి, బేరాలు నడుస్తున్నాయి. పాత అంబాసిడర్లకి ఇవన్నీ ఉన్నాయా ఏంటి. ఇప్పుడొచ్చిన గొడవలివన్నీ.


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 12, ఉదయం 8:15

అన్నా, ఇప్పుడొచ్చినవి కావు. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ని కార్లలో పెట్టింది 1978లో. ట్రాక్షన్ కంట్రోల్ 1986లో వచ్చింది, స్టెబిలిటీ కంట్రోల్ 1995లో. మన దగ్గర 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి.

మీ బండి సంగతికి వస్తే, ఫ్యూజు పీకడం కంటే ఆ లైటు కలిపేయడమే నాకు ఎక్కువ భయం. ఎయిర్‌పోర్టు రోడ్డులో వాన పడుతుంటే ముందు లారీ ఆగింది, మీరు బ్రేకు బలంగా తొక్కారు అనుకోండి. చక్రాలు లాక్ అయ్యాయంటే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి నేరుగానే పోతుంది. ఆ బండి రేపు ఇంకొకరికి అమ్మితే, మీటర్ బోర్డు మీద లైటు లేదు కదా అని వాళ్లు నమ్మి నడుపుతారు. వెనక సీట్లో కూర్చునేవాళ్లు మీ మీద నమ్మకంతో ఎక్కుతున్నారు కదా.


ఆటోనగర్_వైర్‌మ్యాన్ – విజయవాడ
జూలై 12, ఉదయం 8:40

గన్నవరం అన్నా, బండి ఆదివారం మా షెడ్డుకి తీసుకురా. చాలామటుకు సెన్సర్ మూతికి మట్టి, ఇనప రజను పట్టి ఉంటుంది. పాత రకం సెన్సర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి డిస్కు అరిగిన రజనంతా దానికే అంటుకుంటుంది. గుడ్డతో తుడిస్తే పోయే దానికి ఫ్యూజు పీకేసి తిరుగుతున్నారు జనం.


గుణదల_గేర్ – విజయవాడ
జూలై 12, మధ్యాహ్నం 1:25

వైర్‌మ్యాన్ అన్నా, మీరు అడిగింది నిజమే. సంక్రాంతి తర్వాత ఎడమ ముందు చక్రం నుంచి హోరు శబ్దం వస్తుంటే బయట షెడ్డులో వీల్ బేరింగ్ మార్పించాను. లైట్లు మొదలైంది ఆ తర్వాతే. కానీ వెంటనే కాదు, మధ్యలో చాలా రోజులు బాగానే ఉంది. అందుకే దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదు.

లైవ్ డేటా సర్వీస్ సెంటర్ వాళ్లు చూసినట్టు లేరు, నా ముందు కోడ్ ఒకటే చూశారు. నా దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న చిన్న బ్లూటూత్ ఓబీడీ ముక్క (బండి సాకెట్‌కి గుచ్చి ఫోన్‌లో కోడ్లు చూసేది) ఉంది. అందులో ఏ కోడూ లేదని చూపిస్తోంది. అది చెడిపోయిందా?


ఆటోనగర్_వైర్‌మ్యాన్ – విజయవాడ
జూలై 12, రాత్రి 9:30

అది చెడిపోలేదు. ఆ చవక ముక్కలు మామూలు యాప్‌తో ఇంజిన్ కోడ్లు మాత్రమే చదువుతాయి, అంటే ‘పీ’ తో మొదలయ్యేవి. బ్రేకులవి ‘సీ’ తో, కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోకపోతే వచ్చేవి ‘యూ’ తో మొదలవుతాయి. వాటికి ఏబీఎస్ మాడ్యూల్‌లోకి వెళ్లగలిగే స్కానర్ కావాలి. ‘సీ0035’ అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్ సర్క్యూట్. సర్క్యూట్ అనే మాట గుర్తుపెట్టుకో. సెన్సర్ పోయిందని ఆ కోడ్ చెప్పదు. ఆ దారిలో ఎక్కడో తేడా ఉందని చెబుతుంది, అంతే.

పరీక్ష ఇలా చెయ్యాలి. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం పక్కపక్కన గ్రాఫ్‌గా పెట్టి, ఒకళ్లు నడుపుతుంటే ఇంకొకళ్లు చూడాలి. ఖాళీ స్థలంలో 15, 20 స్పీడులో కుడికి ఫుల్ కట్ కొట్టండి. కుడికి తిరిగేటప్పుడు ఎడమ చక్రం బయటి పక్క కాబట్టి ఎక్కువ దూరం తిరుగుతుంది, ఎక్కువ వేగం చూపించాలి. అది ఒక్కసారిగా సున్నాకి పడి, స్టీరింగ్ వదలగానే మళ్లీ లేస్తే వైరు లేదా కప్లర్. అలా కాకుండా నేరుగా పోతున్నా చక్రం ప్రతి తిప్పుకీ ఒక పన్ను ఊడినట్టు గ్రాఫ్ గుచ్చుకుంటూ ఉంటే రింగు పగిలింది లేదా తుప్పు పట్టి ఉబ్బింది. అలాంటి బండికి ఇంకో గుర్తు ఉంది. సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆగబోతుంటే చివరి క్షణంలో పెడల్ గడగడా కొడుతుంది, జారనే జారకపోయినా ఏబీఎస్ పనిచేసేస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ కాలం సెన్సర్లకి ఓమ్స్ పెట్టి చూడకండి. పాత కాయిల్ రకం అయితే సుమారు వెయ్యి ఓమ్స్ చుట్టుపక్కల చూపిస్తుంది, చూసి సంతోషపడొచ్చు. కొత్త రకం లోపల చిప్ ఉంటుంది. దానికి మల్టీమీటర్ ఓమ్స్ లెక్క ఏమీ చెప్పదు, పైగా చెడగొట్టొచ్చు. తాళం ఆన్ చేసి, కప్లర్ విప్పి, బండి వైపు వస్తున్న వైర్లలో వోల్టేజీ వస్తోందా చూడండి. రాకపోతే సెన్సర్ ఎన్ని మార్చినా దండగే.


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 12, రాత్రి 10:45

ఓమ్స్ గురించి అన్న చెప్పింది నూరు శాతం నిజం. కొత్త రకం సెన్సర్ రెండు వైర్ల మీదే పనిచేస్తుంది. రింగు కదిలే కొద్దీ కరెంటు 7 మిల్లీ ఆంపియర్లకీ 14కీ మధ్య గెంతుతుంది. అందుకే అది మనిషి నడక వేగంలో కూడా సరిగ్గా చదువుతుంది. పాత కాయిల్ రకానికి అంత తక్కువ వేగంలో సిగ్నలే పుట్టదు.

బేరింగ్ మార్చారన్నారు కాబట్టి ఇంకొకటి కూడా చూడాలి. ఇప్పుడు చాలా కార్లలో పళ్ల చక్రం విడిగా ఉండదు. బేరింగ్ సీలు మీదే ఒక పక్కన అయస్కాంతపు రింగు ఉంటుంది, ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి. చూడ్డానికి రెండు పక్కలా ఒకేలా నల్లటి సీలు లాగే ఉంటుంది. తెలియక బేరింగ్ తిరగేసి ప్రెస్ చేస్తే సెన్సర్‌కి ఎదురుగా ఏమీ ఉండదు, వేగం సున్నానే. చిన్న మేకు దగ్గర పెట్టి చూస్తే ఏ పక్క లాగుతుందో తెలిసిపోతుంది, కానీ ఇనప రజను అంటకుండా చూసుకోవాలి. సుత్తితో కొట్టి దింపితే ఆ రింగు చిట్లుతుంది. అసలు ఆ రింగే లేని చవక బేరింగ్ కూడా మార్కెట్లో ఉంది, కొలతలు అవే ఉంటాయి కాబట్టి చక్కగా కూర్చుంటుంది.

కానీ మీ బండిలో బేరింగ్ తిరగేసి ఉంటే మొదటి రోజే, బండి కదిలిన కొద్ది సేపటికే లైట్లు వచ్చేవి. మధ్యలో చాలా రోజులు బాగుందన్నారు. కాబట్టి నా ఓటు కూడా వైరుకే.


బ్రాడీపేట_బాబాయ్ – గుంటూరు
జూలై 13, ఉదయం 7:10

అబ్బాయిలూ, చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది కూడా ఇదే తంతు, కాకపోతే వేరే రకం. నిరుడు 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు నా కారు సింగ్ నగర్‌లో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. సీట్ల దాకా నీళ్లు. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకున్నారు, సీట్లు విప్పి కడిగారు, ఆయిళ్లు మార్చారు, బండి ఇంటికొచ్చింది. శీతాకాలం, ఎండాకాలం చక్కగా నడిచింది.

ఇప్పుడు వానలు పడగానే మొదలైంది. ఏబీఎస్, ట్రాక్షన్, స్టీరింగ్, ఒక్కోసారి స్పీడోమీటర్ ముల్లు కూడా సున్నాకి పడిపోతుంది. అరండల్‌పేటలో ఒకాయన స్కాన్ చేసి ‘యూ0121’ అని చీటీ మీద రాసిచ్చాడు. మాడ్యూల్‌తో మాటలు లేవట. మారిస్తేనే గానీ లాభం లేదన్నాడు. నిజమేనంటారా?


ఆటోనగర్_వైర్‌మ్యాన్ – విజయవాడ
జూలై 13, ఉదయం 9:20

బాబాయ్ గారూ, వరద బండ్లు మా షెడ్డుకి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నీళ్లలో మునిగిన రోజు కంటే ఆరిన తర్వాతే వాటికి అసలు కష్టం. కప్లర్‌లో చిక్కిన బురద నీరు లోపలే ఉండిపోయి రాగి పిన్నులకి మెల్లగా ఆకుపచ్చ చిలుము పట్టిస్తుంది. ఎండల్లో పొడిగా ఉంటుంది కాబట్టి కాంటాక్టు ఏదోలా దొరుకుతుంది. గాలిలో చెమ్మ రాగానే ఇలా మొదలవుతుంది. పైన సీట్లు, కార్పెట్ కడిగారు గానీ కార్పెట్ కింద వైరింగ్ విప్పి చూశారా అన్నది అనుమానమే.

మాడ్యూల్ మాట్లాడటం లేదంటే అది చచ్చిందనే కాదు. కరెంటు అందకపోయినా, ఎర్త్ సరిగా లేకపోయినా, మాట్లాడే లైను తెగినా అదే కోడ్ వస్తుంది. ముందు ఏబీఎస్ ఫ్యూజులు చూపించండి. పంపుకి ఒకటి, వాల్వులకి ఒకటి పెద్ద ఫ్యూజులు విడివిడిగా ఉంటాయి. తర్వాత ఎర్త్. స్కానర్‌తో పంపు తిప్పుతూ, మాడ్యూల్ ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టేజీ చూడాలి. 0.2 లోపు ఉండాలి. అర వోల్టు, వోల్టు చూపిస్తే ఎర్త్ బోల్టు కింద తుప్పు ఉన్నట్టే. పంపు తిరగనప్పుడు చూస్తే ఏ తుప్పు ఎర్త్ అయినా బాగానే కనపడుతుంది, చాలామంది పొరబడేది అక్కడే.

చివరగా బ్యాటరీ తీసేసి ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్. ఎక్కువ బండ్లలో క్యాన్ లైను అక్కడికే వస్తుంది. 60 దగ్గర ఉంటే లైను బాగుంది. 120 చూపిస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గరుంటే రెండు వైర్లు ఎక్కడో అంటుకున్నాయి. ఈ కొలతలు తీయడానికి గంట కూడా పట్టదు. ఇవి తీయకుండా మాడ్యూల్ మార్చాలన్నవాళ్లకి బండి ఇవ్వకండి.


యార్డ్_సుధీర్ – గుంటూరు
జూలై 13, రాత్రి 8:05

మంచి చర్చ నడుస్తోంది, నాదో సందేహం. మిర్చి పంటకని పొలాలకి తిరుగుతుంటాను. నల్లరేగడి మట్టి సంగతి తెలుసుగా, వాన పడితే టైరుకి రొట్టెలా పట్టేస్తుంది. అలాంటి చోట ఇరుక్కుంటే యాక్సిలరేటర్ నేలకి తొక్కినా ఇంజిన్ మూలుగుతుంది తప్ప బండి కదలదు. మొన్న సూర్యలంక ఇసుకలో కూడా అంతే. బయటపడ్డాక ఆ పసుపు లైటు కాసేపు వెలిగే ఉంది, తర్వాత దానంతటదే పోయింది. సిస్టమ్‌లో తేడా ఉన్నట్టా?


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 13, రాత్రి 9:00

తేడా లేదు సుధీర్ గారూ, అది చేయాల్సిన పనే చేసింది. మీ అవసరం వేరు, అంతే. తారు రోడ్డు మీద చక్రం జారితే పవర్ తగ్గించడం మంచిది. రేగడిలో, ఇసుకలో చక్రం కొంచెం జారుతూ తిరిగితేనే పట్టిన మట్టి విదిలించుకుని కింద గట్టి నేల పట్టుకుంటుంది. పవర్ తగ్గిస్తే అక్కడే ఉండిపోతుంది. అందుకే ఆఫ్ బటన్ ఇచ్చారు. కొన్ని బండ్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ ఒక్కటే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కూడా ఆగుతుంది. మీ బండి పుస్తకంలో చూసుకోండి. డొంక దాటి రోడ్డెక్కగానే మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

అయితే ఒక చక్రం గాల్లో, ఒకటి నేల మీద ఉంటే ఆఫ్ చేయకండి. అప్పుడు జారే చక్రానికి సిస్టమ్ బ్రేకు వేస్తేనే రెండో చక్రానికి బలం వెళుతుంది.

తర్వాత లైటు వెలిగే ఉండటం గురించి. చాలాసేపు ఒకే చక్రానికి బ్రేకు వేస్తూ ఉంటే ఆ డిస్కు కాలిపోతుంది. ఎంత వేడెక్కి ఉంటుందో మాడ్యూల్ లోపల లెక్క కడుతూ ఉంటుంది. హద్దు దాటితే కాసేపు ఆ పని ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ మొదలుపెడుతుంది. మీ కేసు అదే అయి ఉండాలి. ఇంటికెళ్లాక చక్రాల లోపలి పక్క మట్టి మాత్రం కడిగించండి. రేగడి ఎండితే రాయి, సెన్సర్ వైరుని పట్టుకుని లాగుతుంది. ప్రెషర్ గన్ నేరుగా కప్లర్ మీద కొట్టనివ్వకండి.


గుణదల_గేర్ – విజయవాడ
జూలై 20, సాయంత్రం 6:40

దొరికింది! ఈ రోజు ఆదివారం వైర్‌మ్యాన్ అన్న షెడ్డుకి వెళ్లాను. ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందు స్కానర్ నా చేతికిచ్చి ఆయన నడిపారు. నేరుగా పోతుంటే నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి, తేడా లేదు. ఎడమకి ఫుల్ కట్, ఏమీ లేదు. కుడికి ఫుల్ కట్ కొట్టగానే ముందు ఎడమ గీత 18 నుంచి సున్నాకి పడింది. స్టీరింగ్ వదలగానే లేచింది. ఆ వెంటనే టింగుమని లైట్లు.

జాకీ ఎక్కించి చక్రం విప్పారు. సెన్సర్ కొత్తది, తళతళలాడుతోంది. దాని వైరు మధ్యలో ఒక రబ్బరు బుష్షు, దాన్ని షాకబ్జార్బర్ కాళ్లకి పట్టి ఉంచే చిన్న రేకు బ్రాకెట్ ఉండాలట. బ్రాకెట్ ఉంది, బోల్టు లేదు. బేరింగ్ మార్చినప్పుడు విప్పి మళ్లీ పెట్టలేదు. రేకు ఊగకుండా ఒక ప్లాస్టిక్ ట్యాగ్‌తో బ్రేక్ హోస్‌కి కట్టేశారు. సెన్సర్ మార్చినవాళ్లు కూడా ఆ ట్యాగ్ కోసి, కొత్త ట్యాగ్‌తో అక్కడే కట్టారు! దాంతో వైరు పొట్టిదైపోయింది. కుడికి తిప్పితే తీగలా బిగుసుకుని లోపల ఫెండర్ లైనర్ (చక్రం పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు) వెనకున్న కప్లర్‌ని లాగుతోంది. లాగీ లాగీ బండి వైపు కప్లర్‌లో ఒక పిన్ను లాక్ విరిగి వెనక్కి జరిగింది. పైకి చూస్తే కప్లర్ గట్టిగా క్లిక్ అయి ఉంది, లోపల పిన్ను మాత్రం అంచు మీద అంటీ అంటకుండా ఉంది. మొదట్లో బాగుండి తర్వాత ఎందుకు మొదలైందో అప్పుడు అర్థమైంది.

కొత్త పిన్ను క్రింప్ చేసి పెట్టారు. బ్రాకెట్‌కి పది నంబర్ బోల్టు పెట్టి అసలు చోట బిగించారు. స్టీరింగ్ అటూ ఇటూ చివరిదాకా తిప్పి వైరు ఎక్కడైనా బిగుస్తోందా అని చేత్తో తడిమి చూశారు. కోడ్లు చెరిపేసి బెంజ్ సర్కిల్ దగ్గర అదే యూటర్న్ తిరిగొచ్చాం. ఎడమ గీత ఈసారి కుడి దాని కంటే పైనే ఉంది. మొత్తం ఖర్చు 900, అందులో సగం పైగా మజూరీ. అన్నకి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.


స్పేర్స్_బజార్ – విజయవాడ
జూలై 20, రాత్రి 8:10

అదృష్టం బాగుంది బ్రదర్, వైరుతో పోయింది. అందరికీ అలా పోదు. నిజంగా మాడ్యూల్ పోయినవాళ్లకి సెకండ్ హ్యాండ్ తప్ప దారేది? కొత్తది కొంటే జేబుకి చిల్లే.


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 20, రాత్రి 9:35

నిజంగా మాడ్యూల్ పోవడం ఉంటుందండీ, కాదనను. పంపు మోటార్ తిరగదు, లేదా బోర్డులో టంకం వదిలేస్తుంది. చాలా యూనిట్లలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న భాగం హైడ్రాలిక్ దిమ్మ నుంచి స్క్రూలు తీస్తే విడిగా వస్తుంది. బ్రేక్ పైపులు విప్పకుండానే దాన్ని తీసి రిపేరుకి పంపొచ్చు. అది కొత్తదాని కంటే చాలా చవక, పైగా మన బండి కోడింగ్ (ఆ బండికి తగ్గట్టు రాసిన సెట్టింగులు) మన బోర్డులోనే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో చిక్కు అదే. ఒకే మోడల్ అయినా ఒక వేరియంట్‌కి ఉత్త ఏబీఎస్, ఇంకో వేరియంట్‌కి ట్రాక్షన్, స్టెబిలిటీ ఉంటాయి. ఉత్త ఏబీఎస్ యూనిట్‌లో సాధారణంగా ఎనిమిది వాల్వులు, స్టెబిలిటీ ఉన్నదాంట్లో పన్నెండు. పార్ట్ నంబర్ చివరి అంకె దాకా కలవాలి. ఛాసిస్ నంబర్, వేరియంట్ కోడింగ్ రాయాలి. బండి ఎటు తిరుగుతోందో చెప్పే యా సెన్సర్ కొన్నిటిలో లోపలే ఉంటుంది, దానికి, స్టీరింగ్ యాంగిల్‌కి జీరో సెట్ చేయాలి. ఇవేవీ చేయకుండా పైపులు బిగించి పంపిస్తే, నేరుగా పోతున్న బండిని తిరుగుతోందనుకుని అది తనంతట తనే బ్రేకు వేయొచ్చు. ఆ యూనిట్ బుడమేరులో మునిగిన బండిది కాదని ఎవరు చెప్పగలరు?


ఆటోనగర్_వైర్‌మ్యాన్ – విజయవాడ
జూలై 20, రాత్రి 10:15

పైపులు విప్పాల్సి వస్తే ఎయిర్ తీయడం కూడా పాత పద్ధతిలో అవ్వదు. పెడల్ కొట్టి నిప్పిల్ వదిలితే పైపుల్లో గాలి వస్తుంది గానీ, యూనిట్ లోపల వాల్వుల వెనక చిక్కింది రాదు. స్కానర్‌తో పంపునీ వాల్వులనీ ఆడిస్తూ తీయాలి. లేకపోతే షెడ్డులో పెడల్ గట్టిగా ఉంటుంది, రోడ్డు మీద ఒకసారి ఏబీఎస్ పనిచేయగానే మెత్తబడిపోతుంది.

బ్రేక్ ఆయిల్ మాట కూడా చెప్పేస్తాను. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. ఆ తేమే లోపల సన్నటి వాల్వులకి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి మార్పిస్తే వెయ్యి, పదిహేను వందలతో పోతుంది. మూత తీసి ఆర్నెల్లుగా షెల్ఫ్‌లో ఉన్న డబ్బా పోయనివ్వకండి, మీ ఎదురుగా సీలు తీయించండి.


బ్రాడీపేట_బాబాయ్ – గుంటూరు
జూలై 27, ఉదయం 10:30

వైర్‌మ్యాన్ గారు రాసిందంతా కాగితం మీద రాసుకుని మన గుంటూరు ఆటోనగర్‌లోనే ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. కుర్రవాడే అయినా ఓపికగా చదివి, అదే వరసలో చేశాడు. ఫ్యూజులు బాగున్నాయి. క్యాన్ లైను 61 ఓమ్స్. పంపు తిప్పుతూ ఎర్త్ చూస్తే 1.3 వోల్టులు! డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ లేపాం. కింద స్పాంజి ఇంకా తడిగానే ఉంది, బుడమేరు ఒండ్రు పొడిపొడిగా రాలింది. ఎర్త్ బోల్టు విప్పితే కింద నాలుగు రింగులు తుప్పు ముద్దలా అంటుకుపోయాయి. గీకి, కొత్త రింగులు వేసి, రంగు గీకిన రేకు మీద బిగించి పైన గ్రీసు రాశాడు. మళ్లీ చూస్తే 0.08.

అప్పటినుంచి ‘యూ’ కోడ్ రాలేదు. స్పీడోమీటర్ ముల్లు బుద్ధిగా ఉంది. అయితే బ్యాటరీ తీసి పెట్టాక ఆ జారే బొమ్మ లైటు ఒక్కటే వెలుగుతోంది, ఏబీఎస్ లైటు లేదు. ఇదేంటి మళ్లీ?


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 27, మధ్యాహ్నం 12:05

కంగారు పడకండి బాబాయ్ గారూ. బ్యాటరీ తీస్తే కొన్ని బండ్లలో స్టీరింగ్ నేరుగా ఉన్న చోటు ఏదో మర్చిపోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ని ఎడమ చివరికి, కుడి చివరికి మెల్లగా తిప్పి మధ్యకి తెచ్చి, కొంతదూరం నేరుగా నడపండి. పోకపోతే స్కానర్‌లో స్టీరింగ్ యాంగిల్ జీరో చేయించండి, కొద్ది నిమిషాల పని. వీల్ అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ మధ్య చోటు మారినా ఇదే గొడవ వస్తుంది, కాబట్టి అలైన్‌మెంట్ షాపులో కూడా అడగండి.


గన్నవరం_ట్యాక్సీ – గన్నవరం
జూలై 27, రాత్రి 9:50

వైర్‌మ్యాన్ అన్న షెడ్డుకి నేనూ వెళ్లాను. వెనక కుడి సెన్సర్ వైరు ఎలుక కొరికింది. ఫ్యూజు పెట్టించాను, మీటర్ లైటు కూడా మామూలు చేయించాను. తర్వాత ఫిట్‌నెస్‌కి వెళ్తే రోలర్ల మీద బ్రేక్ టెస్ట్ చేసినప్పుడు మళ్లీ లైటు వచ్చి గుండె జారింది. స్టార్ట్ చేసి కొంచెం దూరం పోగానే పోయింది. అది ఎందుకు?


ఆటోనగర్_వైర్‌మ్యాన్ – విజయవాడ
జూలై 27, రాత్రి 10:10

రోలర్ల మీద రెండు చక్రాలే తిరుగుతాయి, మిగతా రెండు ఆగి ఉంటాయి. మాడ్యూల్‌కి ఆ లెక్క కుదరదు, సెన్సర్లు పోయాయనుకుంటుంది. ఏమీ లేదు, నడుపుకో. ఎలుకల మందు షెడ్డులో పెట్టుకో.


పెనమలూరు_రైడర్ – విజయవాడ
జూలై 28, ఉదయం 7:45

అన్నా, నాది ఆర్15 వీ4, ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. వెనక లావు టైరు వేయించాక ఊరికే లైటు మెరుస్తోంది. సెన్సర్ మార్చాలా?


స్లిప్_రేషియో – ఊరు తెనాలి, ఉద్యోగం చెన్నై
జూలై 28, ఉదయం 8:30

సెన్సర్ జోలికి పోకు తమ్ముడూ. టైరు చుట్టుకొలత మారితే ముందు, వెనక చక్రాల వేగం నిష్పత్తి మారుతుంది, నేరుగా పోతున్నా జారుతోందనుకోవచ్చు. కంపెనీ సైజు టైరు వేసి చూడు. కార్లకి కూడా అంతే, నాలుగు టైర్లు ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి.


నిర్వాహకుడు
జూలై 28, ఉదయం 9:15

బైకుల ట్రాక్షన్ కంట్రోల్ ప్రశ్నలకి విడిగా చర్చ తెరిచాం, రైడర్ గారు ఫొటోలు అక్కడ పెట్టండి. వరద బండ్ల వైరింగ్ గురించి అడిగేవాళ్లు ఇక్కడే కొనసాగించొచ్చు. మాడ్యూళ్లు అమ్మకానికి అంటూ ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం.